పేషెంట్ల ఫోన్ల నుంచి డేటా తీసుకునే యాప్: బ్యాకెండ్ తేల్చుకునే ముందు

అమెరికా యూనివర్సిటీలో రీసెర్చ్ అసిస్టెంటుగా చేరిన మనవాళ్లలో చాలామందికి ఈ పని తగులుతుంది. ప్రొఫెసర్‌గారికి హెల్త్ స్టడీ కోసం యాప్ కావాలి, అదీ తొందరగా కావాలి. వెంటనే సొంత జీమెయిల్‌తో గూగుల్ వారి యాప్ బ్యాకెండ్ సేవ ఫైర్‌బేస్‌లో ప్రాజెక్టు తెరిచేసి కోడ్ మొదలెట్టేస్తారు. టెస్ట్ డేటాతో ఆడుకోవడానికైతే ఫరవాలేదు. ఆ ఖాతాలో నిజమైన పేషెంటు వివరం ఒక్కటి పడినా చిక్కే.

బ్యాకెండ్‌ని, అంటే యాప్ పంపే డేటాని అందుకుని దాచే సర్వర్ భాగాన్ని, ఫీచర్లు చూసి కాదు, ఎవరు సంతకం పెడతారో చూసి ఎంచుకోవాలి. ఆస్పత్రి రికార్డులతో ముడిపడిన డేటా అయితే సాధారణంగా ఆరోగ్య వివరాల గోప్యతని కాపాడే 1996 నాటి అమెరికా చట్టం హిపా కిందకి వస్తుంది. అప్పుడు దాన్ని దాచిపెట్టే కంపెనీతో బిజినెస్ అసోసియేట్ ఒప్పందం, అంటే బీఏఏ, ఉండి తీరాలి. హిపా వర్తించకపోయినా ఐఆర్‌బీ, అంటే మనుషులపై పరిశోధనకి అనుమతిచ్చే ఎథిక్స్ బోర్డు, గడప దాటాల్సిందే. ఆపిల్ కూడా ఎథిక్స్ బోర్డు అనుమతి లేని హెల్త్ రీసెర్చ్ యాప్‌ని స్టోర్‌లోకి రానివ్వదు. ఏడబ్ల్యూఎస్, గూగుల్ క్లౌడ్, అజూర్ అనే క్లౌడ్ సేవల్లో ఏదో ఒకదానితో మీ యూనివర్సిటీకి బీఏఏ ఈపాటికే ఉండొచ్చు. కానీ అది యూనివర్సిటీ ఖాతాలకే చెల్లుతుంది, మీ క్రెడిట్ కార్డుతో తెరిచినదానికి కాదు. అందుకని మొదటి ఈమెయిల్ ఐటీ సెక్యూరిటీ ఆఫీసుకి పెట్టండి: పేషెంట్ల డేటాకి ఏ క్లౌడ్ ఖాతా వాడొచ్చు, అందులో ఏ సేవలకి అనుమతి ఉంది?

రెండో ప్రశ్న ముఖ్యం. బీఏఏ ఆ కంపెనీ సేవలన్నిటికీ వర్తించదు, జాబితాలో ఉన్నవాటికే. డేటాబేస్ జాబితాలో ఉండి, దాని పక్కనే అలవాటుగా తగిలించే అనలిటిక్స్ (యాప్ వాడకం లెక్కలు తీసే సేవ) ఉండకపోవచ్చు. క్రాష్ రిపోర్టులోకి పేషెంటు పేరు జారిపోవడం మామూలే. పుష్ నోటిఫికేషన్ ఆపిల్, గూగుల్ సర్వర్ల మీదుగా వెళ్లి లాక్ స్క్రీన్ మీద అందరికీ కనబడుతుంది. కాబట్టి "డిప్రెషన్ ప్రశ్నలు పూర్తి చేయండి" అని కాకుండా "ఈరోజు ఒక పని మిగిలి ఉంది" అని పంపండి.

యాప్‌లో సర్వేలు మాత్రమే ఉంటే బ్యాకెండ్ రాయకండి. వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో 2004లో పుట్టిన రెడ్‌క్యాప్ అనే సర్వే, డేటా సేకరణ సాఫ్ట్‌వేర్ చాలా యూనివర్సిటీల్లో ఉంది. దాని మైక్యాప్ అనే యాప్‌తో ఫోన్లోనే జవాబులు తీసుకోవచ్చు.

సెన్సర్ డేటా అయితే కథ వేరు. ఫోన్ కదలికని యాక్సిలరోమీటర్ సెకనుకి 100 సార్లు కొలుస్తుందనుకోండి. ఒక్కో రీడింగ్‌కి మూడు అక్షాలకి 4 బైట్ల చొప్పున 12, టైమ్‌స్టాంప్‌కి 8: మొత్తం 20 బైట్లు. అంటే సెకనుకి 2,000 బైట్లు, ఒక మనిషికి రోజుకి సుమారు 173 ఎంబీ. జేసన్ అనే టెక్స్ట్ ఫార్మాట్‌లో రాస్తే మూడు నాలుగింతలవుతుంది. ఒక్కో రీడింగ్‌ని ఫైర్‌బేస్ డేటాబేస్ అయిన ఫైర్‌స్టోర్‌లో ఒక్కో డాక్యుమెంటుగా రాస్తే ఒక్క ఫోన్‌కే గంటకి 3,60,000 రైట్లు, ప్రతిదానికీ బిల్లు. అన్నీ కలిపి రాద్దామంటే డాక్యుమెంటు పరిమితి 1 ఎంబీ దగ్గరే. ఫోన్లోనే బైనరీ ఫైలుగా కట్టి, కంప్రెస్ చేసి, కాసేపే పనిచేసే సైన్డ్ లింకుతో (ముందే అనుమతి ఇచ్చిన లింకుతో) ఆబ్జెక్ట్ స్టోరేజీకి, అంటే ఫైళ్లు దాచే క్లౌడ్ నిల్వకి, నేరుగా పంపండి. డేటాబేస్‌లో ఆ ఫైలు వివరం ఒక్క వరుస చాలు. ప్రతి ఫైలుకీ ఫోన్లోనే యూయూఐడీ, అంటే మరెవరికీ రాని ప్రత్యేక గుర్తింపు సంఖ్య, ఇవ్వండి. నెట్ తెగి మళ్లీ పంపినా సర్వర్ రెండోసారి లెక్కించదు. సమయం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో), పక్కన టైమ్‌జోన్ తేడాతో ఉండాలి. అది లేకపోతే ప్రయాణంలో ఉన్నవాళ్ల నిద్ర లెక్కలన్నీ తలకిందులే.

ఐఫోన్లో మరో తిరకాసు ఉంది. ఫైళ్లకి "కంప్లీట్" రక్షణ పెడితే ఫోన్ లాకైన కాసేపటికే అవి చదవడానికి వీలుకావు. అప్‌లోడ్ జరగాల్సిందేమో రాత్రి, ఛార్జింగులో, వైఫై మీద, అంటే సరిగ్గా లాకై ఉన్నప్పుడు. "అంటిల్ ఫస్ట్ యూజర్ అథెంటికేషన్" స్థాయి పెడితే, ఫోన్ ఆన్ చేశాక ఒక్కసారి అన్‌లాక్ చేసి ఉంటే చాలు, ఈ సమస్య రాదు. టెస్టింగులో ఫోన్ చేతిలోనే ఉంటుంది కాబట్టి ఇది స్టడీ మొదలయ్యాకే బయటపడుతుంది.

పేరు, ఫోన్ నంబరు ఒక డేటాబేస్‌లో, ఆరోగ్య డేటా ఇంకోదాంట్లో పెట్టి, రెంటికీ మధ్య అర్థంలేని ర్యాండమ్ ఐడీ మాత్రమే ఉంచండి. పేరు తీసేస్తే సరిపోదు. డేటాలో మనిషి గుర్తులు చెరిపే హిపా సేఫ్ హార్బర్ పద్ధతి తీసేయమనే 18 రకాల వివరాల్లో ఐపీ అడ్రస్, డివైస్ నంబర్లు కూడా ఉన్నాయి. ఐపీ అడ్రస్ సర్వర్ లాగుల్లో (సర్వర్ తనంతట రాసుకునే చిట్టాల్లో) దానంతటదే చేరుతుంది, ఆ లాగులు ఎవరూ చూడరు.

కంపెనీ మూసేస్తే ఏమిటన్నదీ అడగాలి. ఫేస్‌బుక్ చేతిలో ఉన్న పార్స్ అనే బ్యాకెండ్ సేవ మూతపడుతుందని 2016 జనవరిలో ప్రకటన వచ్చింది, ఏడాదికి ఆగిపోయింది. ఐదేళ్ల స్టడీకి ఏడాది గడువు చాలదు. ముడి డేటా మొత్తాన్ని మామూలు ఫార్మాట్‌లో ఒకేసారి దింపుకునే వీలుందా అని సంతకానికి ముందే, ఉత్త మాటగా కాకుండా దింపి చూసి తేల్చుకోండి.

ఇండియా వెళ్లేటప్పుడు ల్యాప్‌టాప్‌లో స్టడీ డేటా ఉంచుకోవద్దు. అక్కడినుంచి లాగిన్ అవ్వాలన్నా, అక్కడి స్నేహితుడితో కోడ్ డీబగ్ చేయించాలన్నా, ఆ సంగతి స్టడీ ప్రోటోకాల్‌లో (ఐఆర్‌బీకి ఇచ్చే పరిశోధన ప్రణాళికలో) రాసి ఐఆర్‌బీ, ఐటీ ఇద్దరూ ఒప్పుకుని ఉండాలి. టికెట్ కొన్నాక అడిగితే ప్రోటోకాల్ సవరణకి టైం చాలకపోవచ్చు.