చెరువు గట్టున చనిపోయిన పక్షులకు బర్డ్ ఫ్లూ పరీక్ష ఎలా?

ప్రశ్న: మా చేపల చెరువు గట్టున ఈ వారం మూడు గూడబాతులు, ఒక నీటికాకి చనిపోయాయి. ఇంటి దగ్గర నాటు కోళ్లు, బాతులు పెంచుతున్నాము. ఆ పక్షులకు బర్డ్ ఫ్లూ పరీక్ష చేయించడం ఎలా? వ్యాధి లేదని ఫలితం వస్తే నిశ్చింతగా ఉండవచ్చా? – ఒక రైతు, కైకలూరు మండలం, ఏలూరు జిల్లా.

జవాబు: చనిపోయిన పక్షులను చేతులతో తాకకండి, సంచిలో వేసుకుని ఆసుపత్రికి తీసుకురాకండి. కుక్కలు, కాకులు లాక్కుపోకుండా కాపలా ఉంచి, వెంటనే మీ పశువైద్యాధికారికి గాని, పశువైద్య సహాయ ఫోన్ నంబరు 1962కు గాని తెలియజేయండి. కుళ్లిపోయిన కళేబరం పరీక్షకు పనికిరాదు కనుక ఆలస్యం చేయవద్దు. గూడబాతులు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 పరిధిలోకి వస్తాయి. అందువల్ల అటవీ శాఖకు కూడా సమాచారం ఇవ్వాలి.

సిబ్బంది చేతి తొడుగులు, మాస్కు ధరించి, పక్షి గొంతు నుంచి ఒకటి, మలద్వారం నుంచి ఒకటి చొప్పున స్వాబ్‌లు (మెత్తని కొన గల పుల్లతో తీసే నమూనాలు) తీస్తారు. చెక్క పుల్లకు చుట్టిన మామూలు దూది, వైరస్ జన్యు పదార్థాన్ని గుర్తించే పీసీఆర్ పరీక్షకు ఆటంకం కలిగించవచ్చు కాబట్టి సింథటిక్ స్వాబ్‌లనే వాడి, వైరస్ చెడిపోకుండా కాపాడే ద్రవం ఉన్న సీసాలో ముంచి, మూడు పొరల ప్యాకింగు చేసి, ఐసు పెట్టెలో ప్రయోగశాలకు పంపుతారు. బతికి ఉన్న అడవి పక్షులను పట్టుకోవడం కష్టం కనుక అవి వాలే చోట తడి ఆరని రెట్టను సేకరిస్తారు. తుది నిర్ధారణ భోపాల్‌లోని జాతీయ హై సెక్యూరిటీ జంతువ్యాధుల సంస్థలో జరుగుతుంది. 2020 డిసెంబరు చివర హిమాచల్ ప్రదేశ్‌లోని పాంగ్ జలాశయం వద్ద వలస పక్షులు పెద్ద సంఖ్యలో చనిపోయినప్పుడు హెచ్5ఎన్1 అనే బర్డ్ ఫ్లూ వైరస్ బయటపడింది ఇక్కడి పరీక్షల్లోనే. 2025 ఫిబ్రవరిలో పశ్చిమ గోదావరి జిల్లా వేల్పూరు, తూర్పు గోదావరి జిల్లా కానూరు ఫారాల కోళ్లలో అదే వైరస్ ఉన్నట్లు తేల్చినదీ ఈ సంస్థే.

మీ రెండో ప్రశ్న చాలా ముఖ్యమైనది. ఫలితం నెగెటివ్ వచ్చినంత మాత్రాన నిశ్చింతగా ఉండకూడదు. ఆ నాలుగు పక్షులు పురుగు మందు వల్లనో, నీరు తగ్గిన చెరువుల్లో బ్యాక్టీరియా వల్ల పుట్టే బొట్యులిజం విషం వల్లనో చనిపోయి ఉండవచ్చు. అదే చెరువులో ఆరోగ్యంగా ఈదుతున్న మరో అడవి బాతు ఏ లక్షణమూ లేకుండా రెట్టలో వైరస్‌ను విడుస్తూ ఉండవచ్చు. పక్షి వైరస్‌ను విడిచేది కొద్ది రోజులే కాబట్టి ఆ రోజుల్లో నమూనా తీయకపోతే పరీక్షకు చిక్కదు. పాజిటివ్ వస్తే చుట్టుపక్కల అప్రమత్తం కావడానికి ఇటువంటి పరీక్ష ఎంతో విలువైనది, కానీ నెగెటివ్ ఫలితం మీ పెరటికి రక్షణ పత్రం కాదు.

కాబట్టి ఫలితం కోసం ఎదురుచూడకుండా ఈ రోజే మీ బాతులను చెరువులోకి వదలడం ఆపండి. నా దృష్టిలో మీ ఇంట అన్నిటికంటే ప్రమాదకరమైన దారి అదే, ఎందుకంటే పగలంతా అడవి పక్షులతో కలిసి తిరిగిన బాతులు రాత్రికి కోళ్ల పక్కకే చేరుతాయి. రెండింటినీ వేరువేరు గూళ్లలో ఉంచి, చెరువు నీటికి బదులు బోరు నీరు పెట్టి, మేత తొట్టెలపై వల కప్పండి. చెరువు దగ్గర వేసుకున్న చెప్పులతో గూటిలోకి వెళ్లకండి. కోళ్లు ఒక్కసారిగా చనిపోవడం, తమ్మెలు నీలంగా మారడం, తల వాయడం కనిపిస్తే రాణికెట్ (కొక్కెర తెగులు) అనుకుని సొంత వైద్యం చేయక, మిగిలిన కోళ్లను అమ్మక, గూడు మూసివేసి పశువైద్యాధికారిని పిలవండి.