కల్లులో మత్తుమందు కలిపారో లేదో రుచి చూసి చెప్పగలమా?

చెప్పలేం, పరీక్ష చేయాల్సిందే. పాలమూరు, నల్లగొండ వైపు కల్తీ కల్లులో దొరుకుతూ వచ్చినవి ముఖ్యంగా అల్ప్రజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్. అల్ప్రజోలం చాలా తక్కువ మోతాదులోనే పనిచేస్తుంది: 0.5 మిల్లీగ్రాములు దాదాపు 10 మిల్లీగ్రాముల డైజిపాంతో సమానం. పులిసిన కల్లు ఘాటులో అది నాలుకకు అందదు.

పరీక్షలో శాంపిల్ తీసే తీరే అసలు కీలకం. అల్ప్రజోలం నీళ్లలో సరిగా కరగదు, పొడి అడుగుకు దిగుతుంది. ఒకే కుండలో పైనుంచి వంచిన గ్లాసు తేలిగ్గా ఉండి, అడుగున మిగిలిన గ్లాసు మనిషిని పడేయొచ్చు. అందుకే బాగా కలియబెట్టాకే శాంపిల్ పట్టాలి. బెంజోడయాజెపిన్ స్ట్రిప్ (అల్ప్రజోలం, డైజిపాం రకం మందులను పట్టే పరీక్ష కాగితం) 'ఉంది, లేదు' అనే చెబుతుంది, ఎంత ఉందో చెప్పదు. పైగా క్లోరల్ హైడ్రేట్‌ను అది అసలు పట్టదు. దానికి పిరిడిన్, క్షారం కలిపి వేడిచేసే ఫుజివారా పరీక్ష వేరే ఉంది, ఎర్రరంగు వస్తే అనుమానించాలి. మోతాదు తేలాలంటే ల్యాబే దిక్కు. ఎక్సైజ్ వాళ్లు పట్టే శాంపిల్ కేసు కోసం. తాగేవాళ్ల కోసం పెట్టే పరీక్ష కేంద్రమైతే పేరు అడగకూడదు, ఫలితం అదే రోజు చేతికివ్వాలి.

'కల్తీ అని తేలితే ఆ పూటే మానేస్తే సరి' అనుకోవడం చాలామంది చేసే పొరపాటు, ప్రమాదకరం కూడా. ఏళ్లుగా అలవాటైన ఒంటికి ఆ మత్తుమందు ఒక్కసారిగా ఆగితే వణుకు, నిద్రలేమి, లేనివి కనిపించడం, ఫిట్స్ వస్తాయి, ప్రాణమే పోవచ్చు. ప్రభుత్వాసుపత్రి మానసిక వైద్య విభాగంలో మోతాదు మెల్లమెల్లగా తగ్గిస్తూ మాన్పిస్తారు.