స్నేహితుణ్ని ల్యాబులో కులం పేరుతో అవమానిస్తున్నారు.. నేను ఫిర్యాదు చేయొచ్చా?

ప్రశ్న: అనంతపురంలో ఎస్కే యూనివర్సిటీకి అనుబంధంగా ఉన్న ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో బీఎస్సీ ఫైనలియర్ చదువుతున్నాను. నా స్నేహితుడు ఎస్సీ. కెమిస్ట్రీ ల్యాబులో లెక్చరర్ అతన్ని బ్యూరెట్ ముట్టుకోనివ్వకుండా పక్కన నిలబెడుతున్నారు. పోయిన వారం అందరి ముందూ కులం పేరెత్తి, "రిజర్వేషన్‌లో వచ్చినోళ్లకు ఇంతకన్నా ఏమొస్తుంది" అన్నారు. ప్రాక్టికల్ మార్కులు పోతాయని అతను నోరు విప్పడం లేదు. నాది వేరే కులం. నేను ఫిర్యాదు చేయొచ్చా? చేస్తే కోర్టు చుట్టూ తిరగాలా?

జవాబు: చేయొచ్చు. నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు సమాచారం ఇవ్వవచ్చు. మీది బాధితుడి కులమే అయి ఉండాలని ఏ చట్టంలోనూ లేదు. కానీ స్టేషన్‌కు బయల్దేరే ముందు మీ స్నేహితుడితో కూర్చుని మాట్లాడండి. కేసులో మొదటి సాక్షి అతనే. మీరు ఆవేశంలో ఫిర్యాదు ఇచ్చాక, డీఎస్పీ ముందు అతను "అలాంటిదేమీ జరగలేదు సార్" అంటే కేసు అక్కడితో సరి. పైగా అతనికి చెప్పకుండా అతని తరఫున నిర్ణయం తీసుకోవడం కూడా అతన్ని తక్కువ చేయడమే. రేపు ఆ ల్యాబులో నిలబడాల్సిందీ, ఇంట్లో సమాధానం చెప్పుకోవాల్సిందీ అతనే. ఉన్న దారులు చెప్పండి, ఎంచుకోవడం అతనికి వదిలేయండి.

అతను ఇప్పుడే వద్దన్నా మీరు ఈ రాత్రికే చేయాల్సిన పని ఒకటుంది. విన్నది విన్నట్టు కాగితం మీద పెట్టండి. తేదీ, గంట, ఏ బ్యాచ్, ఏ ప్రయోగం నడుస్తోంది, లెక్చరర్ ఎక్కడ నిలబడి ఏ మాట అన్నారు, దగ్గర్లో ఎవరెవరున్నారు అన్నీ రాయండి. "కులం పేరుతో దూషించారు" అని మాత్రం రాసి వదిలేయకండి. అన్న మాట వినడానికి ఎంత ఘోరంగా ఉన్నా దాన్నే రాయండి. కేసు కొట్టేయమని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 528 కింద నిందితులు హైకోర్టుకు వెళ్లినప్పుడు వాళ్ల లాయరు మొదట పట్టుకునేది ఈ లోపాన్నే. ఏమన్నారో లేదు, ఎక్కడన్నారో లేదు, ఎవరు విన్నారో లేదు అంటారు. అన్యాయం నిజమే అయినా ఇలాంటి ఫిర్యాదులు నిలబడవు.

మొదటి దారి కాలేజీ లోపలే ఉంది. ఉన్నత విద్యాసంస్థల్లో సమానత్వం కోసం యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2012లో నిబంధనలు తెచ్చింది. ఎస్సీ, ఎస్టీ విద్యార్థిని ల్యాబులోకి రానిచ్చి కూడా పని చేయనివ్వకుండా ఖాళీగా ఉంచడం, క్లాసులో రిజర్వేషన్ విద్యార్థి అని ముద్ర వేయడం, చదువులో వెనకబడితే కులాన్ని కారణంగా చూపి చులకనగా మాట్లాడటం వివక్షేనని వాటిలో స్పష్టంగా ఉంది. మీరు రాసినవన్నీ అందులోకి వస్తాయి. ప్రతి కాలేజీలో ఈక్వల్ ఆపర్చునిటీ సెల్, వివక్ష నిరోధక అధికారి ఉండాలి. ఫిర్యాదును 60 రోజుల్లో తేల్చాలి. ఆ ఉత్తర్వు నచ్చకపోతే 90 రోజుల్లోగా సంస్థ అధిపతికి అప్పీలు చేసుకోవచ్చు. 2026 జనవరిలో యూజీసీ కొత్త నిబంధనలు తెచ్చినా సుప్రీంకోర్టు అదే నెలలో వాటిని నిలిపివేసి, 2012 నిబంధనలే కొనసాగాలని ఆదేశించింది. స్టే ఉంది కాబట్టి ఏ నిబంధనా లేదని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఆ కేసు ఎంతవరకు వచ్చిందో ఫిర్యాదు ఇచ్చే రోజున ఒకసారి చూసుకోండి.

చాలా కాలేజీల్లో ఆ అధికారి ఎవరో ఆఫీసు వాళ్లకే తెలియదు. అప్పుడు యూజీసీ 2023లో తెచ్చిన విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార నిబంధనలు ఆదుకుంటాయి. కుల వివక్ష ఫిర్యాదు వాటి పరిధిలోకీ వస్తుంది. కాలేజీ కమిటీ 15 పని దినాల్లో నివేదిక ఇవ్వాలి. న్యాయం జరగలేదనిపిస్తే 15 రోజుల్లో అంబుడ్స్‌పర్సన్‌కు (విద్యార్థుల అప్పీళ్లు వినే అధికారి) అప్పీలు వేయాలి. మీది అనుబంధ కాలేజీ కాబట్టి యూనివర్సిటీ నియమించిన అంబుడ్స్‌పర్సన్ దగ్గరికే వెళ్లాలి. ఫిర్యాదు మీ స్నేహితుడి సంతకంతో ఉండాలి, దానికి మీరు చూసింది విడిగా రాసి, సంతకం పెట్టి జతచేయండి. రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద ఆఫీసు ముద్ర, తేదీ, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. తీసుకోకపోతే ప్రిన్సిపాల్ పేరున స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. ప్రిన్సిపాల్ గదిలో నోటిమాటగా చెప్పి వచ్చిన ఫిర్యాదుకు గడువూ ఉండదు, జవాబుదారీ ఉండదు.

రెండోది పోలీసు కేసు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో సెక్షన్ 3(1)(ఆర్) కావాలని అవమానించడం గురించి, 3(1)(ఎస్) కులం పేరుతో తిట్టడం గురించి. రెండూ జనం చూసే, వినే చోట జరిగి ఉండాలి. శిక్ష 6 నెలల నుంచి 5 ఏళ్ల దాకా, జరిమానా. లెక్చరర్ కూడా ఎస్సీ లేదా ఎస్టీ అయితే ఈ చట్టం వర్తించదు. రిజర్వేషన్ గురించిన ఎత్తిపొడుపు ఒక్కటే ఉంటే ఈ సెక్షన్ల కింద నిలబెట్టడం కష్టమయ్యేది. బాధితుడు ఎస్సీ అయినంత మాత్రాన ప్రతి అవమానమూ ఈ నేరం కాదని, అది కులం ఆధారంగా జరగాలని సుప్రీంకోర్టు 2024లో షాజన్ స్కారియా కేసులో చెప్పింది. ఇక్కడ కులం పేరే ఎత్తారు కాబట్టి కేసు గట్టిదే.

మీ సాక్ష్యం ఎంత అవసరమో, అదొక్కటే ఎందుకు చాలదో కూడా ఇక్కడే తెలుస్తుంది. నాలుగు గోడల మధ్య అన్న మాటైనా, బంధువులూ స్నేహితులూ కాని వాళ్లు అక్కడ ఉంటే జనం ముందు అన్నట్టేనని 2008 నాటి స్వరణ్ సింగ్ కేసు సూత్రం. మీరు స్నేహితుడని ప్రశ్నలోనే రాశారు. అవతలి లాయరు కూడా అదే అంటారు. అందుకే అతనితో పెద్దగా పరిచయం లేని ఇద్దరు ముగ్గురు క్లాస్‌మేట్లు, ల్యాబ్ అటెండర్ పేర్లు ఫిర్యాదులో ఉండాలి. అదే మాట లెక్చరర్ తన గదిలో ఒక్కణ్నే పిలిచి అని ఉంటే ఈ సెక్షన్లు నిలిచేవి కావు.

ముందే తేల్చుకోవాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. మన జిల్లాల్లో చాలా ఎస్సీ కుటుంబాలు చర్చికి వెళ్తాయి. క్రైస్తవంలోకి మారిన వ్యక్తి ఈ చట్టం కింద ఫిర్యాదు చేయలేరని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025లో తీర్పు ఇచ్చింది. ఎస్టీలకు ఈ షరతు లేదు. మీ స్నేహితుడి కుల ధ్రువపత్రం, ఇంటి పరిస్థితి లాయరుకు ఉన్నదున్నట్టు చెప్పాలి. ఈ చట్టం వర్తించకపోయినా యూజీసీ దారి మూసుకుపోదు. కులంతో పాటు మతం ఆధారంగా చూపే వివక్షా దాని పరిధిలో ఉంది.

"ముందు విచారణ చేసి తర్వాత ఎఫ్ఐఆర్ కడతాం" అని స్టేషన్‌లో అంటే సెక్షన్ 18ఏ చూపండి. ఈ చట్టం కింద ఎఫ్ఐఆర్‌కు ప్రాథమిక విచారణ అక్కర్లేదు. అయినా కట్టకపోతే ఫిర్యాదును ఎస్పీకి పోస్టులో పంపండి, ఆ తర్వాత కోర్టుకు వెళ్లొచ్చు. దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారే చేయాలి, 60 రోజుల్లో చార్జిషీటు వేయాలి.

మీరు కోర్టుకు రావాలా? రావాలి, సాక్ష్యం చెప్పే వాయిదాకు. ప్రతి వాయిదాకూ కాదు. అంతకుముందు పోలీసులు నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 180 కింద మీ వాంగ్మూలం రాసుకుంటారు, దాని మీద సంతకం పెట్టక్కర్లేదు. సాక్షులకు రక్షణ హక్కు అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 15ఏలో ఉంది. దారి ఖర్చులు, దినభత్యం ఆ చట్టం కింద చేసిన 1995 నియమాల్లో 11వ నియమం ప్రకారం వస్తాయి. అడిగితేనే ఇస్తారు కాబట్టి అడగండి.

మార్కుల భయం నిజమైనదే. ఇద్దరూ ప్రతి వారం రికార్డు దిద్దించుకున్న వెంటనే సంతకం, మార్కులు, తేదీ కనిపించేలా ఆ పేజీ ఫొటో తీసుకోండి. ఫిర్యాదు తర్వాత మార్కులు ఒక్కసారిగా పడిపోతే అంబుడ్స్‌పర్సన్ ముందు మాట్లాడేది ఆ ఫొటోలే. క్లాసు వాట్సాప్ గ్రూపులో ఏమైనా రాసి ఉంటే స్క్రీన్‌షాట్‌తో సరిపెట్టకండి. అసలు చాట్ చెరపకండి, ఫోను మార్చకండి. కోర్టులో దానికి భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి.

లాయరు ఫీజు గురించి మీ స్నేహితుడు బెంగపడక్కర్లేదు. ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. ఫోను 15100. అత్యాచారాల ఫిర్యాదులకు జాతీయ హెల్ప్‌లైన్ 14566.