కదలని కారు బ్యాటరీకి ఇంట్లోనే ఛార్జింగ్: ఇన్వర్టర్ జోలికి మాత్రం పోకండి

మీరు అడిగింది ఇదీ. గుణుపూర్‌లో అమ్మానాన్నల దగ్గర వదిలిన చిన్న పెట్రోలు కారును రెండు నెలల తరవాత బెంగళూరు నుంచి వచ్చి చూస్తే రిమోట్ పలకలేదు, తాళంతో తలుపు తీస్తే లోపలి లైటు కూడా వెలగలేదు. బ్యాటరీ కొని రెండేళ్ళే అయింది. ఇంట్లో ఉన్న ఇన్వర్టర్‌కే తగిలించి ఎక్కించొచ్చా, లేదా పక్కింటి కారుతో జంప్ చేసి కాసేపు తిప్పితే చాలా అని.

ఇంట్లో ఎక్కించుకోవచ్చు. ఇన్వర్టర్‌తో వద్దు. జంప్ చేస్తే బండి కదులుతుంది గానీ బ్యాటరీ నిండదు. నేనుండేది పర్లాకిమిడిలో. మా వీధిలో కార్లు పిల్లలవి, ఇంట్లో ఉండేది పెద్దవాళ్ళు. సంక్రాంతికి పిల్లలు దిగిన మర్నాడే బ్యాటరీల గోల మొదలవుతుంది. ఛార్జరు మా ఇంట్లో ఉందని అందరికీ తెలుసు కాబట్టి బ్యాటరీలు మా వరండాకే వస్తాయి. అలా చూసినవాటి మీద ఆధారపడి రాస్తున్నాను.

ముందుగా, ఈ పని వచ్చే వారానికి వాయిదా వెయ్యకండి. ఇవి సీసం, యాసిడ్ బ్యాటరీలు. ఛార్జ్ దిగిపోయినప్పుడు లోపలి పలకల మీద లెడ్ సల్ఫేట్ పడుతుంది. కొత్తగా పడినది మెత్తగా ఉంటుంది, కరెంటు ఎక్కిస్తే మళ్ళీ కరిగిపోతుంది. అలాగే వదిలేస్తే గట్టి స్ఫటికాలుగా మారి పలకలకి అంటుకుపోతుంది, ఆ మేరకు బ్యాటరీ కెపాసిటీ శాశ్వతంగా పోతుంది. మీది ఎప్పుడు పూర్తిగా దిగిందో తెలీదు, కాబట్టి ఇవాళే మొదలుపెట్టండి. ఎక్కించడం మాత్రం నెమ్మదిగా.

మల్టీమీటర్ ఉంటే వోల్టేజి చూడండి. లేకపోతే ఎలక్ట్రికల్ షాపులో చవకగానే దొరుకుతుంది. డీసీ 20 దగ్గర పెట్టి, ఎర్ర పిన్ను ప్లస్‌కి, నల్లది మైనస్‌కి ఆనించండి. నిండా ఉన్న బ్యాటరీ 12.6 నుంచి 12.7 చూపిస్తుంది. 12.4 అంటే ముప్పాతిక, 12.2 అంటే సగం, 12కి దిగితే పావు వంతే మిగిలినట్టు. నిండుకీ దాదాపు ఖాళీకీ మధ్య తేడా ఒక వోల్టు కూడా లేదన్నమాట. “పన్నెండు చూపిస్తోందిగా, బ్యాటరీ బాగానే ఉంది, సెల్ఫ్ మోటారే పోయింది” అనే మాట మా వీధిలో చాలాసార్లు విన్నాను. దాన్ని నమ్మి సెల్ఫ్ విప్పించిన వాళ్ళూ ఉన్నారు, పాపం. మీకు లైటు కూడా వెలగట్లేదంటే చాలా కిందే ఉంటుంది.

ఇక ఇన్వర్టర్ సంగతి. మీ ఇంట్లో ఉన్నది దానికి తగ్గ పెద్ద ట్యూబులర్ బ్యాటరీ, మామూలుగా 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే బ్యాటరీ ఎంత కరెంటు పట్టి ఉంచుతుందో చెప్పే లెక్క). దాన్ని నింపడానికి ఇన్వర్టర్ పది ఆంపియర్లు, అంతకు పైన కూడా తోస్తుంది. మీ చిన్న కారుది 35 ఏహెచ్ అయి ఉంటుంది. బ్యాటరీ కెపాసిటీలో పదో వంతు కరెంటుతో ఎక్కించాలన్నది పాత లెక్క, అంటే మీకు మూడున్నర ఆంపియర్లు. దానికి మూడు రెట్లు తోస్తే బ్యాటరీ వేడెక్కుతుంది, నీళ్ళు ఉడుకుతున్నట్టు బుడగలొస్తాయి, హైడ్రోజన్ ఎక్కువగా వస్తుంది. గాలిలో హైడ్రోజన్ నాలుగు శాతం చేరితే చాలు, ఒక్క నిప్పురవ్వకి పేలుతుంది. అయితే కరెంటు లేనప్పుడు ఇన్వర్టర్ పనికొచ్చే దారి ఒకటుంది. దాని 230 వోల్టుల సాకెట్లో కారు ఛార్జరు పెట్టుకోవచ్చు. బ్యాటరీలోంచి తీసి మళ్ళీ బ్యాటరీలోకి పోయడం, మధ్యలో కొంత వృథా, కానీ ప్రమాదం లేదు. లాప్‌టాప్ అడాప్టర్లు, స్కూటర్ ఛార్జర్లు మాత్రం వద్దు.

కొనాల్సింది 12 వోల్టుల ఆటోమేటిక్ ఛార్జరు, నాలుగు ఆంపియర్ల దగ్గరిది. అది 14.4 వోల్టులకి దగ్గరగా తీసుకెళ్ళి, నిండుతున్నకొద్దీ కరెంటు తగ్గించుకుంటుంది, నిండాక తనే ఆగుతుంది. అందుకే 35ని నాలుగుతో భాగించి తొమ్మిది గంటలనుకోకండి, చివర్లో బాగా నెమ్మదిస్తుంది. రాత్రి పెడితే పొద్దెక్కేదాకా వదిలెయ్యండి. ఒక చిక్కుంది. బ్యాటరీ మరీ దిగిపోతే కొన్ని స్మార్ట్ ఛార్జర్లు అసలు బ్యాటరీయే తగల్లేదనుకుని మొదలుపెట్టవు. అప్పుడు మంచి బ్యాటరీతో ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ జంపర్ కేబుళ్ళతో కాసేపు కలిపితే వోల్టేజి కొంచెం లేస్తుంది, ఛార్జరు గుర్తుపడుతుంది. ఇదంతా వద్దనుకుంటే బ్యాటరీ షాపులో ఇచ్చెయ్యండి. పాత ట్రాన్స్‌ఫార్మర్ ఛార్జరు ఎంత చచ్చినదాన్నయినా తీసుకుంటుంది. “స్లో ఛార్జింగే పెట్టు, రేపు తీసుకెళ్తా” అని మాత్రం గట్టిగా చెప్పండి, లేకపోతే గంటలో వేడివేడిగా చేతిలో పెడతారు.

బ్యాటరీ ఊడదీసేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. ప్లస్ ముందు విప్పుతుంటే స్పానరు బాడీకి తగిలిందంటే నేరుగా షార్టే. చాలా కార్లకి పది నంబరు స్పానరు సరిపోతుంది. టెర్మినళ్ళ మీద తెల్లటి, ఆకుపచ్చటి పొడి ఉంటే తినేసోడా కలిపిన వేడినీళ్ళతో కడిగి, ఆరాక బిగించి పైన వాసెలిన్ రాయండి. ఆ సోడా నీళ్ళు మూతల్లోంచి లోపలికి పోకూడదు. ఛార్జింగ్ వరండాలోనో, తలుపులు తీసిన షెడ్డులోనో పెట్టండి. గ్యాస్ పొయ్యి దగ్గరా, దీపం వెలిగే దేవుడి గదిలోనూ పెట్టొద్దు. క్లిప్పులు తగిలించాకే స్విచ్ వెయ్యాలి, స్విచ్ ఆపాకే క్లిప్పులు తియ్యాలి. ఆ నిప్పురవ్వ బ్యాటరీ నెత్తి మీద రాకూడదనే ఇదంతా. యాసిడ్ చుక్క కంట్లో పడితే పదిహేను నిమిషాలు ధారగా నీళ్ళు పోసుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తడమే. చేతికి పట్టేటప్పుడు బ్యాటరీని నిటారుగానే పట్టుకోండి.

పైన మూతలున్న రకమైతే నీళ్ళు చూడండి. పలకలు బయటపడి ఉంటే అవి మునిగేంతవరకే ఛార్జింగ్‌కి ముందు పొయ్యండి, మిగతాది ఛార్జ్ అయ్యాక. ముందే నిండా పోస్తే ఎక్కేటప్పుడు పొంగి యాసిడ్ బయటికొస్తుంది. డిస్టిల్డ్ వాటరే పొయ్యాలి. ఆర్వో నీళ్ళూ, ఏసీ నుంచి కారే నీళ్ళూ పోసేవాళ్ళని చూశాను, అందులో ఉండేవి పలకలకి పడవు. యాసిడ్ కూడా పొయ్యకూడదు, తగ్గేది నీరు మాత్రమే.

తెల్లారే ఊరెళ్ళాలి, ఆగలేం అంటే జంప్ చెయ్యండి. ఎర్ర కేబులు ముందు మీ ప్లస్‌కి, తరవాత అవతలి కారు ప్లస్‌కి. నల్లది అవతలి మైనస్‌కి, రెండో కొస మీ ఇంజిన్ మీద పెయింట్ లేని ఇనుముకి, బ్యాటరీకి దూరంగా. అవతలి కారుని కొన్ని నిమిషాలు నడవనిచ్చి మీది సెల్ఫ్ కొట్టండి. నలుగురు కలిసి తోస్తే స్టార్టవుతుందని ఎవరైనా ముందుకొస్తే వద్దనండి. ఇప్పటి పెట్రోలు కార్లలో ఇంధన పంపుకీ, కంప్యూటర్‌కీ కరెంటు ఉంటేనే ఇంజిన్ అందుకుంటుంది, లైటు కూడా వెలగని బ్యాటరీతో ఎంత తోసినా ఆయాసమే మిగులుతుంది. స్టార్టయ్యాక కూడా ఊళ్ళో ఓ చుట్టు తిరిగి వచ్చేస్తే లాభం లేదు, పూర్తిగా ఖాళీ అయినదాన్ని డైనమో అంత త్వరగా నింపలేదు. గుణుపూర్ నుంచి మా ఊరిదాకా వచ్చినా నాకు నమ్మకం తక్కువే. ఇంటికి చేరాక ఛార్జరు పెట్టండి.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా గజపతి జిల్లాలో స్తంభాలు కూలి కరెంటు పోయింది. ఫోన్లకి కారే దిక్కయింది. ఫోన్ లాగేది ఒక ఆంపియరు కూడా ఉండదు. అయినా కీ ఆన్‌లో పెట్టి గంటలకొద్దీ కూర్చుంటే పాటలపెట్టె, మీటరు లైట్లు, ఫ్యాను అన్నీ కలిసి బ్యాటరీని తాగేశాయి. కరెంటు తిరిగి వచ్చేసరికి మా వీధిలో స్టార్టవ్వని కార్లే ఎక్కువ.

మీ కారుకి మాత్రం అది కూడా అక్కర్లేదు. తాళం వేసి ఉన్నా గడియారం, అలారం, కంప్యూటర్ కొంచెం కొంచెం లాగుతూనే ఉంటాయి. 50 మిల్లీ ఆంపియర్లే అనుకున్నా రోజుకి 1.2 ఏహెచ్ పోతుంది. 35 ఏహెచ్ బ్యాటరీ నెలకల్లా ఖాళీ. జీపీఎస్ ట్రాకరో, డాష్‌క్యామో ఉంటే ఇంకా ముందే. వారానికోసారి స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఉంచమని అందరూ పెద్దవాళ్ళకి చెబుతారు. ఆ ఐదు నిమిషాల్లో సెల్ఫ్‌కి ఖర్చయినది తిరిగొస్తుందేమో గానీ, వారమంతా కారిపోయిన ఎనిమిది ఏహెచ్ రాదు. వెళ్ళేటప్పుడు మీరే మైనస్ తీగ విప్పి, దానికి గుడ్డ చుట్టి పక్కన పెట్టండి. గడియారం, రేడియో స్టేషన్లు మళ్ళీ పెట్టుకోవాల్సి వస్తుంది, అంతే. మీ నాన్నగారు కారు తియ్యగలిగితే మటుకు విప్పొద్దు, వారానికోసారి ఓ అరగంటకి తక్కువ కాకుండా రోడ్డు మీద నడపమనండి.

ఛార్జ్ అయ్యాక వెంటనే మీటరు పెడితే ఎప్పుడూ బాగానే చూపిస్తుంది. ఊడదీసి ఓ పూట వదిలి, అప్పుడు చూడండి. 12.5 పైన నిలబడి, సెల్ఫ్ కొట్టేటప్పుడు 10కి దిగకపోతే రెండేళ్ళ బ్యాటరీ ఇంకా మీకు పని చేస్తుంది. ఒక్క రాత్రికే 12.2కి జారితే ఇంకోసారి పూర్తిగా ఎక్కించి చూడండి, అప్పుడూ అంతే అయితే సల్ఫేట్ గట్టిపడిపోయినట్టు. 10.5 దగ్గరే ఆగిపోతే ఆరు సెల్లుల్లో ఒకటి పోయింది, దానికి ఏ ఛార్జరూ ఏం చెయ్యలేదు. కొత్తది కొనేటప్పుడు పాతది ఇస్తే ధర తగ్గిస్తారు, తూకానికి అమ్మెయ్యకండి. మీ రీడింగ్ ఎంతొచ్చిందో, బ్యాటరీకి మూతలున్నాయో లేదో ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.