కాలేజీ ఫుట్‌బాల్ హక్కులు కొనే ఉద్యోగానికి ఏ చదువు కావాలి?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో బీకాం చివరి సంవత్సరం చదువుతోంది. అమెరికాలో స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్‌లో ఎంఎస్ చేసి, అక్కడి క్రీడా ఛానెల్‌లో కాలేజీ ఫుట్‌బాల్ ప్రసార హక్కులు కొనే విభాగంలో చేరతానంటోంది. అసలు అలాంటి ఉద్యోగం ఉందా? అప్పు చేసి పంపమంటారా? – ఒక తండ్రి, గుంటూరు

జవాబు: ఆ ఉద్యోగం ఉందండీ. అయితే ఆట మీద ఇష్టం ఒక్కటే ఉంటే చాలదు, ఒప్పంద పత్రం చదవడమూ లెక్క కట్టడమూ రావాలి. అందుకు కారణం తెలియాలంటే ఆ హక్కులు ఎలా చేతులు మారతాయో చూడాలి.

ఏ జట్టు మ్యాచ్‌లు టీవీలో ఎన్నిసార్లు రావాలో ఒకప్పుడు ఎన్‌సీఏఏ అనే అక్కడి కాలేజీ క్రీడల జాతీయ సంఘమే నిర్ణయించేది. ఓక్లహోమా, జార్జియా విశ్వవిద్యాలయాల వర్గం దానిపై కోర్టుకు వెళ్లగా, 1984లో అమెరికా సుప్రీంకోర్టు 7–2 తీర్పుతో ఆ పెత్తనాన్ని కొట్టివేసింది. ఇప్పుడు కాలేజీలు కాన్ఫరెన్స్ అనే కూటములుగా ఏర్పడి ఉమ్మడిగా అమ్ముకుంటున్నాయి. చాలా కూటముల్లో సభ్య కాలేజీలు తమ మైదానంలో జరిగే మ్యాచ్‌ల హక్కులను నిర్ణీత కాలానికి కూటమికే రాసిచ్చేస్తాయి కాబట్టి ఛానెల్ బేరమాడేది కాలేజీతో కాదు, కూటమితో. ఏ కూటమిలోనూ లేని నోటర్‌డామ్ ఫుట్‌బాల్ జట్టు మాత్రం 1991 నుంచి తన సొంత మైదానం మ్యాచ్‌లను ఎన్‌బీసీకి విడిగా ఇస్తోంది.

పాత ఒప్పందం ముగిసే ముందు, అప్పటికే హక్కులున్న ఛానెల్‌కు ఇతరులకన్నా ముందుగా మాట్లాడుకునే గడువు ఉండడం మామూలు. అక్కడ ధరతోపాటు ప్రతి వారం మంచి మ్యాచ్‌ను మొదట ఎంచుకునేది ఎవరు, ఆట ఎన్ని గంటలకు మొదలవ్వాలి, ఆన్‌లైన్ ప్రసారం ఎవరిది, కొన్న మ్యాచ్‌లలో కొన్నింటిని వేరే ఛానెల్‌కు మళ్లీ అమ్ముకోవచ్చా అన్నవన్నీ తేలాలి. కేబుల్ ఛానెల్‌కు ప్రకటనలతోపాటు ఒక్కో చందాదారుకు నెలకింత అని ఆపరేటర్లు చెల్లించే సొమ్ము కూడా వస్తుంది గనుక, ఈ మ్యాచ్‌లు లేకపోతే ఆ సొమ్ము ఎంత తగ్గుతుందో అంచనా వేయగలవారికే అక్కడ విలువ. ఈ అంచనాలు కాలేజీల తలరాతనూ మార్చేస్తాయి: తగిన ప్రసార ఒప్పందం కుదరకపోవడం ప్రధాన కారణమై, పన్నెండు కాలేజీల ప్యాక్-12 కూటమి నుంచి 2024 నాటికి పది వెళ్లిపోయాయి.

ఇక మీ అమ్మాయి సంగతి. బీకాం దీనికి మంచి పునాదే. అమెరికాలో చదువు ముగిశాక విద్యార్థి వీసా మీద పనిచేయడానికి మామూలుగా 12 నెలలే దొరుకుతాయి. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలో ఉన్న కోర్సయితే మరో 24 నెలలు కలుస్తాయి. చేరబోయే కోర్సు ఆ జాబితాలో ఉందో లేదో చూడకుండా అప్పు చేయకండి. నన్నడిగితే, ముందు ఇక్కడే మూడేళ్ల ఎల్ఎల్‌బీ చేయడమో, ఏదైనా ప్రసార సంస్థ ఫైనాన్స్ విభాగంలో రెండేళ్లు పనిచేయడమో మేలంటాను. ఐపీఎల్ 2023–27 హక్కులు ఆన్‌లైన్ వేలంలో రూ.48,390 కోట్లు పలికిన దేశంలో ఈ పని నేర్చుకునే చోటు ఉంది. మన దగ్గర వేలం, అక్కడ ఎక్కువగా బేరసారాలు. లెక్కలు మాత్రం ఒకే తీరువి. ఈలోగా ఆ 1984 తీర్పు ప్రతిని ఆమె చేత చదివించండి, అది ఉచితంగానే దొరుకుతుంది. ఆ పేజీలు ఆమెకు ఆసక్తిగా అనిపిస్తే అప్పు సంగతి మళ్లీ మాట్లాడుకుందాం.