ఆరుకి ఒకటా, ఆరింట ఒకటా?

సందేహం: మాది అనంతపురం. బెంగళూరు కె.ఆర్.పురంలో ఇల్లు కట్టుకుంటున్నాం. మేస్త్రీ కూడా మనవైపు ఆయనే. గోడల మాలుకి, అంటే ఇటుకల మధ్య పెట్టే సిమెంటు, ఇసుక ముద్దకి, "సిమెంటు ఆరుకి ఒకటమ్మా" అన్నాడు. అంటే ఆరో వంతు కదా అని లెక్కవేసి 29 బస్తాలు తెప్పించాను. నాలుగు మిగిలిపోయాయి. తప్పు నా తెలుగుదా, ఆయన తెలుగుదా? మాలు, గార, దర్జు – వీటిలో ఏది వాడాలి? పలకల సందుల్లో నింపే గ్రౌట్‌ని తెలుగులో ఏమనాలి? – ఒక పాఠకురాలు, బెంగళూరు

సమాధానం: మేస్త్రీ తెలుగు సరైనదే. మీరు తికమకపడ్డారంటే అందులో మీ తప్పు కన్నా 'కి' అనే విభక్తి తప్పే ఎక్కువ.

"నూటికి తొంభైమంది వచ్చారు" అంటాం. ఆ తొంభైమందీ నూరుగురిలోని వాళ్లే. "నూటికి రెండు రూపాయల వడ్డీ" అన్నప్పుడు మాత్రం అసలు వేరు, వడ్డీ వేరు కాబట్టి ఆ రెండూ నూటిలోవి కావు, పైన కట్టాల్సినవి. ప్రత్యయం ఒకటే, లెక్కలు రెండు. ఎలా పోల్చుకోవాలంటే, రెండు అంకెలూ ఒకే జాతివైతే సాధారణంగా చిన్నది పెద్దదాని లోపలిది. వేర్వేరు సరుకులైతే పక్కన చేరేది. గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు పోయమంటే ఆ రెండింటిలోంచి ఒక గ్లాసు ఎవరూ తీసెయ్యరు కదా! ఇక్కడ ఇసుక వేరు, సిమెంటు వేరు. ఆరు తట్టల ఇసుకకి ఒక తట్ట సిమెంటు. మొత్తం ఏడు తట్టలు, సిమెంటు ఏడో వంతు.

మీరు అనుకున్న అర్థం రావాలంటే "ఆరింట ఒకటి" అనాలి. ఈ 'ఇంట'కి తికమక లేదు, ఎప్పుడూ లోపలి లెక్కే. పత్రికల్లో "మూడింట రెండొంతుల మెజారిటీ" చదువుతూనే ఉంటాం.

మీ నాలుగు బస్తాల లెక్క కూడా ఇక్కడే తేలుతుంది. మీ గోడలు 20 ఘనపు మీటర్లు ఉండి ఉంటాయి. మామూలు సైజు ఇటుకతో కడితే ఘనపు మీటరుకి తడి మాలు సుమారు 0.23 ఘనపు మీటరు పడుతుంది. నీళ్లు పోసి కలిపాక ఇసుక సందుల్లోకి సిమెంటు దూరి మాలు కుంగుతుంది కాబట్టి పొడి సరుకు మూడో వంతుకి కాస్త తక్కువగా అదనంగా తీసుకోవాలి. మొత్తం దాదాపు 6 ఘనపు మీటర్లు. 50 కిలోల బస్తా సుమారు 35 లీటర్లు. ఏడుతో భాగిస్తే 25 బస్తాలు, ఆరుతో భాగిస్తే 29. వ్యాకరణానికి ఇంత ఖరీదుంటుందని నేనూ అనుకోలేదు.

ఇక మాటల సంగతి. మాలు అంటే సరుకు, ఉర్దూ ద్వారా వచ్చింది. పనిచోట నలిగిన మాట, హాయిగా వాడండి. గార కూడా మంచి మాటే, కానీ ఇప్పుడు గోడల కన్నా పళ్ల మీదే ఎక్కువ వినిపిస్తోంది. కన్నడంలో అది గారె. బెంగళూరు వచ్చిన కొత్తలో పక్కింట్లో "గారె కెలస" (గార పని) అంటే మా ఆవిడ వాళ్లింట్లో పండగేమో అనుకుంది! ఒకప్పుడు సున్నపు గారకి కూడా చెప్పిన గచ్చు ఇప్పుడు నేలకే మిగిలింది.

దర్జు నాకు ఇష్టమైన మాట. పారసీలో దర్జ్ అంటే కుట్టు. బట్టల కుట్లు వేసేవాడు దర్జీ, ఇటుకల మధ్య అతుకు దర్జు. పలకల మధ్య సందుని దర్జు అనండి, అందులో నింపే పొడిని గ్రౌట్ అనే ఉంచండి. దానికి సంస్కృతంలో కొత్త మాట అల్లితే దుకాణంలో ఆ పొడి దొరకదు. ఎన్ని కిలోలు కావాలన్నది గది ఒక్కదాన్ని బట్టి తేలదు, పలకను బట్టి కూడా ఉంటుంది. మందం, దర్జు వెడల్పు ఒకటే అయినప్పుడు రెండడుగుల పలకల బదులు అడుగు పలకలు వేస్తే దర్జుల పొడవు రెట్టింపవుతుంది, గ్రౌటూ రెట్టింపు పడుతుంది.

మిగిలిన నాలుగు బస్తాలనూ నేలమీద కాకుండా చెక్కలమీద పెట్టించి పట్టా కప్పించండి. గోడల పూతకి పనికొస్తాయి.