సర్వే పని నచ్చింది, దీంట్లో కెరీర్ ఉందా సార్?

ప్రశ్న: పాలమూరు దగ్గర మాది, బీఎస్సీ మ్యాథ్స్, స్టాటిస్టిక్స్ రెండో సంవత్సరం. మా అమ్మ అంగన్‌వాడీ టీచర్, 2024 నవంబర్‌లో ఇంటింటి కుటుంబ సర్వేకి పోతే నేనూ తోడు పోయిన. ఆదాయం ఎంత అంటే ఎవరూ నిజం చెప్పలే. అయినా ఆ పని నచ్చింది. నాన్న మాత్రం డేటా సైన్స్ కోచింగ్‌లో చేరమంటున్నడు.

జవాబు: నిజం చెప్పలేదని నీకు అనిపించింది చూడు తల్లీ, అసలు సబ్జెక్టు అక్కడే మొదలవుతది. గవర్నమెంట్ మనిషి ఫారం పట్టుకుని వచ్చి ఆదాయం ఎంత అంటే రేషన్ కార్డు పోతదేమో అన్న భయం ఎవరికైనా ఉంటది, పైగా కూలికి పోయేవాళ్లకి, వ్యవసాయం చేసేవాళ్లకి నెల ఆదాయం అనే లెక్కే ఉండదు. అందుకే జాతీయ శాంపిల్ సర్వేవాళ్లు, అంటే దేశంలో కొన్ని ఇళ్లు ఎంచుకుని లెక్కలు తీసే కేంద్ర ప్రభుత్వంవాళ్లు, ఖర్చు అడుగుతరు. కూరగాయలు, గుడ్లు, మాంసం అయితే పోయిన 7 రోజులు, బియ్యం పప్పు లాంటివి 30 రోజులు, బట్టలు, ఫ్రిజ్, బండి లాంటివి ఏడాది మొత్తం. 2023-24లో దేశమంతా కలిపి దాదాపు 2.6 లక్షల ఇళ్లు తిరిగిన్రు. తెలంగాణ పల్లెల్లో తలకి నెలకి ఖర్చు రూ.5,435, పట్నాల్లో రూ.8,978 అని తేలింది. సరే, మరి మీ ఊరి సంగతి? అది ఆ లెక్క చెప్పదు, ఊరి స్థాయికి దిగితే శాంపిల్, అంటే అడిగిన ఇళ్ల సంఖ్య, సరిపోదు.

ఊరి సంగతి తెలుసుకోవాలంటే ఊళ్లోనే కూర్చోవాలి. పటాన్‌చెరులో ఉన్న వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్లు 1975లో మొదలుపెట్టిన పల్లెల అధ్యయనంలో మీ పాత మహబూబ్‌నగర్ జిల్లా ఊళ్లే రెండున్నయి, ఔరేపల్లి, డోకూరు. ఊరికి 40 ఇళ్లు తీసుకుని, ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ అవే ఇళ్లకి పోయి అడిగిన్రు. మీ పక్కనే ఇంత పని జరిగిందని మీ కాలేజీలో ఎవరైనా చెప్పిన్రా? చెప్పి ఉండరులే.

ఇక ఉద్యోగం సంగతి. ఎంఎస్సీ స్టాటిస్టిక్స్ చెయ్, లేదంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎంఏ ఎకనామిక్స్‌కి ట్రై చెయ్. డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఉంది కాబట్టి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకి డిగ్రీవాళ్లు రాసే ఎస్ఎస్‌సీ సీజీఎల్ పరీక్షతో జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసర్ పోస్టుకి, యూపీఎస్సీ పెట్టే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్‌కి కూడా దారి ఉంది. రెండోది కష్టమే, సీట్లు తక్కువ, దాచడమెందుకు.

కోచింగ్ ఫీజు ఇప్పుడే కట్టొద్దని నాన్నకి నా మాటగా చెప్పు. జాతీయ సర్వే ముడి డేటా కేంద్ర గణాంక శాఖ సైట్లో ఉచితంగా దొరుకుతది, ఆ డేటాని లెక్కగట్టే ఆర్ (R) సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే, ముందు దాంతో కుస్తీ పట్టు. ఎండాకాలం సెలవుల్లో మీ ఊళ్లోనే ఒక 40 ఇళ్లు తిరుగు, నీకు తెలిసిన ఇళ్లే కాకుండా ఇంటి నంబర్లన్నీ రాసి చీటీలు తీసి ఎంచుకో. ఆదాయం అడగకు. ఎన్ని బోర్లు వేసిన్రు, ఎన్ని ఫెయిలైనయి, మహిళా సంఘం లోన్ ఎంత, బయట వడ్డీ నూటికి ఎంత, బంగారం బ్యాంకులో ఉందా ఇంట్లో ఉందా, ముంబైకి ఎవరైనా వలస పోయిన్రా, ఇవి అడుగు. రెండు స్లాబు ఇళ్లు పక్కపక్కనే ఉంటయి, బయటికి ఒక్కతీరుగనే కనబడతయి, ఒకదాని మీద మూడు బోర్ల అప్పు ఉంటది, ఆ తేడా పట్టుకున్నోళ్లకి ఇంటర్వ్యూలో చెప్పుకోడానికి చానా ఉంటది.

ఒక్కటి మర్చిపోకు, షీట్లో పేర్లు రాయకు, నంబర్లే రాయి. నువ్వు ఆ ఊరి పిల్లవే కాబట్టి పక్కింటోళ్ల అప్పు సంగతి మీ అమ్మకి కూడా చెప్పొద్దు.